సరంగు కోటుకు కుడి జేబు

ఏప్రిల్ 4

అక్కకు,

తమ్ముడి నమస్కారాలు. బావగారికి కూడా చెప్పగలవు. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ, నా నలభై ఏడు రిజిస్టర్లూ.

ఈ ఉత్తరంలో మూడు విషయాలున్నాయి. మొదటి రెండూ చిన్నవి కనుక ముందు వాటిని ముగిస్తాను.

ఒకటి: నీవు కుట్టి పంపిన దిండు గలీబులు అందినవి. నాలుగూ ఒకే కొలతలో ఉన్నాయి. టేపు పెట్టి చూశాను.

రెండు: మా కంపెనీ వారు మరో పదకొండు లిఫ్టుల మరమ్మతు నాకు అప్పగించారు. ఇప్పుడు నా చేతి కింద మొత్తం నలభై మూడు. వాటిలో ఏడింటికి తలుపు సరిగా మూసుకోదు, రెండింటికి సరిగా తెరుచుకోదు. ఆ రెండింటి గురించే జనం ఎక్కువ ఫిర్యాదు చేస్తారు.

మూడు: ఇది అసలు విషయం. నీవు 'ఆ బొమ్మల పుస్తకం' అని తీసిపారేసే 'ఉప్పుదీవి' జపాన్‌లో ముప్పై ఒక్క సంవత్సరాలుగా ఆగకుండా వస్తున్న మాంగా. ఎనభై ఆరు సంపుటాలు, ఇక్కడి వారి కోసం అనువదించి అచ్చు వేసినవి నా దగ్గర ఉన్నాయి. దానినే అనిమేగా టీవీకి తొమ్మిది వందల పైచిలుకు భాగాలు తీశారు. ఉప్పు పండించే ఒక దీవి, ఆ దీవికి జనాన్ని దాటించే ఒక పడవ సరంగు, అతడు దాటించిన మనుషుల కథలు. ఇక్కడి అభిమానుల సంఘం నెలనెలా వేసే పత్రికలో పాఠకుల ప్రశ్నలకు పదిహేడేళ్లుగా జవాబులు చెబుతున్నది నేనేనని నీకు తెలుసు. ఇప్పుడు వాటిలో వెయ్యి ప్రశ్నలు ఏరి పుస్తకంగా అచ్చు వేస్తున్నారు. జూన్ 28న వార్షిక సభ. మూడు వందల మంది వస్తారు. పుస్తకం విడుదలయ్యాక నేను వేదిక మీద నిలబడి అడిగిన ప్రశ్నకల్లా అప్పటికప్పుడు జవాబు చెప్పాలి.

ఆ రోజు సరంగు తొడుక్కునే పొడవాటి కోటు తొడుక్కోవాలని నా సంకల్పం. అది నీ చేతి మీదుగా కావాలి. మూడో సంపుటం నుంచి నాలుగు బొమ్మల నకళ్ళు జతపరిచాను. ఒక్కటే షరతు: బొమ్మలో ఉన్నది ఉన్నట్టు కుట్టాలి. ఒక్క గుండీ కూడా అటూ ఇటూ కాకూడదు. ఆ కోటు తొడుక్కుని ఆ వేదిక ఎక్కితే నాకిక వేరే కోరిక లేదు.

ఇట్లు,
తమ్ముడు

—

ఏప్రిల్ 12

ఒరేయ్ తమ్ముడూ,

ఫోన్ చేస్తే "ఉత్తరం రాయక్కా, నంబరు వేసుకుంటాను" అంటావు కాబట్టి మిషను మీదే కాగితం పెట్టుకుని రాస్తున్నాను. నూనె మరక కనబడితే అది మిషనుది, నాది కాదు.

కోటు కుట్టమని రెండు పేజీలు రాశావు. ఛాతీ ఎంతో రాయలేదు. భుజం ఎంతో రాయలేదు. దిండు గలీబులకు టేపు పెట్టిన మనిషివి, ఆ టేపు ఒకసారి నీ ఒంటి చుట్టూ తిప్పుకోకూడదూ?

ఇక బొమ్మల సంగతి. ఎవడు కుట్టాడురా ఈ కోటు? మగవాళ్ళ కోటుకి ఎడమ పక్క మడత పైకొస్తుంది. కాజాలు ఎడమ వైపు, గుండీలు కుడి వైపు. ఇక్కడ మొత్తం తారుమారుగా ఉంది. పైజేబు కుడి రొమ్ము మీద ఉంది. నువ్వే కుడి రొమ్ము మీద జేబు ఉందనుకుని కుడి చేత్తో పెన్ను తియ్యి, మోచెయ్యి ఎక్కడికి పోతుందో చూడు. పోనీ సరంగు ఒక్కడికే అలా కుట్టారనుకుందామా అంటే, వెనకాల నిలబడ్డ ముగ్గురికీ అంతే. దీవి మొత్తానికి పని తెలిసిన దర్జీ ఒక్కడూ లేడా?

నేను సరిచేసి కుట్టేస్తాలే. చూసేవాళ్ళకి తేడా తెలియదు.

బావ డ్రైవింగ్ స్కూలు పని మానేసి రెండు నెలలైంది. నేను బట్ట కత్తిరిస్తుంటే పక్కన కూర్చుని "కుడికి, కుడికి, ఇప్పుడు నెమ్మది" అంటున్నాడు. నిన్న కత్తెర ఆయన చేతికిచ్చి నేను టీ పెట్టుకోడానికి వెళ్ళిపోయాను. తిరిగొచ్చేసరికి రెండు చేతులూ స్టీరింగు మీద ఉన్నట్టు కత్తెర పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

కొలతలు పంపు.

అక్క

—

ఏప్రిల్ 20

అక్కకు,

నీ ఉత్తరం (నంబరు 409) అందింది. దయచేసి ఏదీ సరిచేయవద్దు.

నీవు పొరపాటనుకున్నదే ఈ కథలోని ప్రధాన రహస్యం. దానిని కనిపెట్టినది నేనే. పుస్తకంలో తొమ్మిదో అధ్యాయం, అరవై పేజీలు, పూర్తిగా దీని మీదే. క్లుప్తంగా చెబుతాను.

జపాన్‌లో బతికున్నవారు కిమోనో తొడుక్కున్నప్పుడు ఎడమ మడత పైకి వస్తుంది. కుడి మడత పైకి వచ్చేటట్టు కట్టేది చనిపోయినవారికి మాత్రమే. 'ఉప్పుదీవి' మొదటి ఇరవై నాలుగు సంపుటాలలో ప్రతి ఒక్కరికీ కుడి మడతే పైన ఉంటుంది. ప్రతి ఒక్కరికీ. రెండు వేల మూడు వందల పదకొండు బొమ్మలు లెక్కించాను. అంటే ఆ దీవిలో ఉన్న వారందరూ చనిపోయినవారే. సంగతి వారికి తెలియదు. ఉప్పు పండించుకుంటూ, పోట్లాడుకుంటూ, నవ్వుకుంటూ ఉంటారు.

ఇరవై ఐదో సంపుటంలో మహాపోటు వస్తుంది. సముద్రం తిరగబడుతుంది. సరిగ్గా అక్కడి నుంచి అందరికీ ఎడమ మడత పైకి వస్తుంది. సరంగు అంతవరకు ఎడమచేతివాటం, అప్పటి నుంచి కుడిచేతివాటం. చెంప మీది గాటు కుడి నుంచి ఎడమకు మారుతుంది. చివరికి పుస్తకం తెరిచే దిక్కు కూడా మారిపోతుంది. ఆ రచయిత ఎంత లోతుగా ఆలోచించాడో చూడు.

అనిమేలో మొదటి నుంచీ సరంగు కుడి చేత్తోనే తెడ్డు వేస్తాడు. అది అనిమే వారి నిర్లక్ష్యం. వారి పొరపాట్లు నలభై ఒకటి జాబితా చేసి పత్రికలో వేశాను. 'కళ్ళజోడు' అనే పేరుతో ఒకావిడ ఆరేళ్లుగా ఒకటే ప్రశ్న పంపుతున్నది: అనిమేలో ఉన్నదే సరైనదేమో? ఆమెకు ఆరు విధాలుగా జవాబిచ్చాను. ఆఖరిది కొంచెం కటువుగానే ఇచ్చాను.

మూడో సంపుటంలో ఉప్పు తూచే రాయి మీద ఏడు అంకె తిరగబడి ఉంటుంది. అది దీవివాసుల ప్రాచీన లిపి (ప్రశ్న 212). ఇటువంటివి ఇంకా చాలా ఉన్నాయి.

ఈ సిద్ధాంతం వల్లనే మన సంఘానికి పేరు. సభకు వచ్చేవారు 'మేమంతా పోయినవాళ్ళమే' అని అచ్చు వేసిన బనియన్లు తొడుక్కుని వస్తారు. కనుక నాకు కావలసినది చనిపోయిన మనిషి కోటు. దానిని అలాగే కుట్టగలవు.

మొదటి సంపుటం నాకు పాత కాగితాల కొట్టులో దొరికింది నాన్న పోయిన నెలలోనే అని నీకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. ఇది సందర్భవశాత్తు రాశాను.

తమ్ముడు

—

ఏప్రిల్ 28

తమ్ముడూ,

కుట్టను.

నాన్న ఈ కొట్టులో ముప్పై ఏళ్ళు కూర్చున్నాడు, నేను ఇరవై ఏడేళ్ళ నుంచి కూర్చుంటున్నాను. పెళ్ళిబట్టలు కుట్టాం, బడిబట్టలు కుట్టాం, బ్యాండువాళ్ళ కోట్లు కుట్టాం. పోయినవాళ్ళకి కోటు కుట్టి, బతికున్న తమ్ముడికి తొడగడం మాత్రం నా వల్ల కాదు. జపానులో వాళ్ళు ఎలాగైనా కట్టుకోనీ. నీ గుండె ఎడమ పక్కనుంది, జేబు కూడా అటే ఉంటుంది.

అది సరే. నీ ఉత్తరాలు రెండూ మళ్ళీ చదివాను. "ఇక వేరే కోరిక లేదు" అంటావు. చచ్చిపోయిన మనిషి కోటు కావాలంటావు. మధ్యలో నాన్న పోయిన సంగతి ఎత్తుతావు. నాకేమనిపిస్తుందో నువ్వే చెప్పు. ఒంట్లో బాగుంటోందా? డాక్టరు ఏమైనా అన్నాడా? రోగాల జాబితా కూడా రాసి పెట్టుకునే ఉంటావు, నాకు చూపించవు.

శనివారం బావని పంపిస్తున్నాను. నీ కొలతలు తీసుకుని ఆదివారం వచ్చేస్తాడు.

అక్క

—

మే 8

అక్కకు,

నా ఆరోగ్యం బాగున్నది. ఆ మాట బావగారికి పదకొండుసార్లు చెప్పాను.

కొలతలు తీసుకోవడానికి వచ్చిన మనిషి ముందు నా నాలుక చూపించమన్నారు. తరువాత ఒంటికాలి మీద నిలబడమన్నారు. డ్రైవింగ్ స్కూల్లో అలా చూస్తారేమోననుకుని నిలబడ్డాను. రాత్రిళ్ళు ఏమి ఆలోచిస్తుంటావని అడిగారు. లిఫ్టుల గురించి అన్నాను. ఆ జవాబు ఆయనకు నచ్చినట్టు లేదు. టేపు సంగతి ఆయనకు సాయంత్రం వరకు గుర్తు రాలేదు. కొలతలు ఈ ఉత్తరం వెనుక రాశాను. ఛాతీ కొలత మాత్రం నేనే మళ్ళీ తీసుకున్నాను, ఎందుకంటే ఆయన నన్నూ, నేను కూర్చున్న కుర్చీ వీపునూ కలిపి కొలిచారు.

ఆదివారం ఆయన బస్సుకు ఇంకా రెండు గంటలుంటే, ఊరికే కూర్చోవడం ఎందుకని మొదటి సంపుటం చేతికిచ్చాను. అది నేను చేసిన తప్పు. ఈరోజుకు ఎనిమిదో రోజు. బావగారు పంతొమ్మిదో సంపుటంలో ఉన్నారు. భోజనానికి పిలిస్తే "ఈ పేజీ" అంటారు. స్నానానికి పిలిస్తే "ఈ సంపుటం" అంటారు. సరంగు పడవను రేవు నుంచి వెనక్కి తీసే బొమ్మ వచ్చినప్పుడల్లా ఆయన కుడి పాదం నేల మీద తొక్కుతున్నారు. అది బ్రేకు అని తరువాత గ్రహించాను.

ఒక విషయం మాత్రం నన్ను కొంచెం ఇబ్బంది పెట్టింది. నిన్న ఆయన తలెత్తి, "ఈ సరంగు మేకులు పెదాల మధ్య పెట్టుకుని మాట్లాడతాడు చూడు, అచ్చం మామగారే" అన్నారు. ప్రశ్న కాదు కనుక జవాబు అవసరం లేదు.

కోటు విషయంలో నీ పట్టుదల విడిచిపెట్టమని మరొకసారి మనవి. అచ్చుకు వెళ్ళే ముందు తొమ్మిదో అధ్యాయం చివరిసారి సరిచూస్తున్నాను. ఒక్క లొసుగు కూడా కనబడలేదు.

తమ్ముడు

—

మే 17

తమ్ముడూ,

బావ గురువారం ఇల్లు చేరాడు. చంకలో ఇరవయ్యో సంపుటం నుంచి ఇరవై నాలుగు దాకా ఉన్నాయి. నిన్ను అడిగే తెచ్చానన్నాడు. అడగలేదని నాకు తెలుసు.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పాలా వద్దా అని నాలుగు రోజులు మిషను తొక్కకుండా కూర్చున్నాను. చెప్పకపోతే రేపు మూడొందల మందిలో ఇంకెవరైనా చెబుతారు. అందుకని చెబుతున్నాను. మధ్యలో ఆపకుండా చివరిదాకా చదువు.

నువ్వు అంతగా అడిగావని పోనీ నువ్వన్నట్టే కుట్టిద్దామనుకున్నాను. భుజం నుంచి కింది దాకా ఎలా జారుతుందో చూడాలి కదా. ఏ కొత్త రకం వచ్చినా చేసే పనే చేశాను. నీ బొమ్మ కాగితాన్ని గుండుసూదితో నా భుజానికి గుచ్చుకుని, బట్టలు తొడిగి చూసుకునే గదిలో అద్దం ముందు నిలబడ్డాను.

అద్దంలో కోటు సరిగ్గా ఉందిరా. ఎడమ మడత పైన ఉంది. కాజాలు ఎడమ పక్కన, గుండీలు కుడి పక్కన, జేబు గుండె మీద. కుట్టిన దర్జీ మంచి పనివాడు, ఒక్క వంక పెట్టడానికి లేదు. వెనకాల ముగ్గురివీ సరిగ్గానే ఉన్నాయి. కిందనున్న ఉప్పు తూచే రాయి మీద ఏడు, మన ఏడే, బుద్ధిగా నిలబడి ఉంది.

బావ తెచ్చిన ఇరవై నాలుగో సంపుటం తీసి మొదటి పేజీల్లో చిన్నక్షరాలు చదివాను. "మన పాఠకులు ఎడమ నుంచి కుడికి చదువుకునే వీలు కోసం బొమ్మలన్నీ అటుదిటు తిప్పి అచ్చు వేయడమైనది" అని ఉంది. జపాను పుస్తకాలు కుడి నుంచి ఎడమకి చదువుతారట. నువ్వు చదవని పేజీ ఉంటుందని నేననుకోలేదు. ఇరవై అయిదు నుంచి అచ్చు వేసేవాళ్ళు మారారు. వాళ్ళు తిప్పడం మానేశారు. అంతేరా. సముద్రం ఏమీ చెయ్యలేదు.

నా మాట తప్పయితే నాలుగు చివాట్లు పెట్టు, పడతాను.

ఇంకొకటి. బావ నీ గదిలో ఒక రిజిస్టరు చూశాడట. అట్ట మీద "సరంగు, పెదాల మధ్య మేకులు" అని ఉందట. నూట పద్దెనిమిది బొమ్మలు, పేజీ నంబర్లతో సహా. పత్రికలో ఎప్పుడూ వెయ్యలేదట. నాన్న పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని మనతో మాట్లాడేవాడు. అది నాకు గుర్తుంది. నీకూ గుర్తుందని నాకు తెలియదు. ఎప్పుడూ అనలేదేం?

అక్క

—

మే 23

అక్కకు,

నీ ఉత్తరం అందింది. నంబరు 411. జవాబు తరువాత.

తమ్ముడు

—

మే 31

తమ్ముడూ,

రెండు వాక్యాలు, ఒక నంబరు. పుట్టి బుద్ధెరిగాక నువ్వు రాసిన అతి చిన్న ఉత్తరం ఇదే. చూసి బావ కూడా భయపడ్డాడు. నీకు ఫోన్ చేస్తే లిఫ్టులో ఉన్నానని పెట్టేశావు. మూడుసార్లూ లిఫ్టులోనే ఉన్నావు.

కోపమొచ్చిందా, బాధేసిందా? కోపమైతే తిట్టు. బాధైతే ఇది విను.

ఇరవై ఏడేళ్ళుగా పోయారనుకున్న దీవి మొత్తం నిక్షేపంగా బతికే ఉందని తెలిసింది. ఇంకెవరైనా అయితే ఎగిరి గంతేసేవాళ్ళు. దిగులు పెట్టుకుని కూర్చున్నది నువ్వొక్కడివే.

నాన్న పోయాడు. ఆ సంగతి నీకు తెలుసు, నాకు తెలుసు. నాన్న ఎక్కడో ఒక దీవిలో తనకే తెలియకుండా నవ్వుకుంటూ పని చేసుకుంటున్నాడనుకుంటే నీకు బాగుండేది. ఆ మాట నువ్వు చెప్పకపోయినా నాకు అర్థమైంది. నేనైతే నాన్న కత్తెర పట్టుకుంటాను, నాకంతే చాలు. నీ చేతికి కత్తెర రాలేదు, పుస్తకం వచ్చింది. అయితే మాత్రం ఏం పోయింది? ఆ సరంగు బతికే ఉన్నాడు. నాన్నలాగే మేకులు పెదాల మధ్య పెట్టుకుంటున్నాడు. ప్రతి నెలా ఏదో ఒక కొత్త గొడవలో ఇరుక్కుంటున్నాడు. పోయినవాళ్ళు కొత్త గొడవల్లో ఇరుక్కోరు.

సభకి వెళ్తావా, మానేస్తావా? కోటు బట్ట కత్తిరించి పెట్టాను. ఏ పక్కకి కాజాలు తీయమంటావో చెప్పు. నువ్వు ఏది చెబితే అది. ఈసారి వాదించను.

అక్క

—

జూన్ 9

అక్కకు,

ముందుగా ఆలస్యానికి క్షమించమని కోరుతున్నాను. పరీక్షించకుండా జవాబు ఇవ్వడం నాకు చేతకాదు.

నా ఇంట్లో గడ్డం గీసుకునే అద్దం అరచేతి పాటిది. పెద్ద అద్దం కావలసి వచ్చి, ఆరంతస్తుల ఆఫీసు భవనంలో నేను చూసే లిఫ్టును మూడో అంతస్తుకూ నాలుగో అంతస్తుకూ మధ్య ఆపి, కింద 'మరమ్మతులో ఉన్నది' అని బోర్డు పెట్టించాను. వెనుక గోడ నిండా అద్దం. సంచిలో నుంచి మూడో సంపుటం తీసి పట్టుకున్నాను. తరువాత ఏడోది. తరువాత పదహారోది. నలభై నిమిషాలు పట్టింది. పై అంతస్తులో ఎవరో తలుపు తట్టి, లోపమేమైనా దొరికిందా అని అడిగారు. దొరికింది, పాతది, నాదే అన్నాను.

నీవు రాసినది ప్రతి అక్షరమూ నిజం.

చిన్నక్షరాల పేజీ నా సంపుటాలలో లేకపోలేదు. నేను అన్నింటికీ అట్టలు వేసేటప్పుడు మొదటి కాగితాన్ని అట్టకు అంటించేశాను. ఇరవై నాలుగింటికీ అంటించాను. మిక్కిలి జాగ్రత్తగా అంటించాను. బావగారు తీసుకువెళ్ళిన పుస్తకాలలో ఒకటి మాత్రం తేమకు ఊడి ఉంటుంది.

కూలినవాటి జాబితా: తొమ్మిదో అధ్యాయం మొత్తం. చెంప మీది గాటు గురించి నాలుగు పేజీలు. సరంగు ఎడమచేతివాటానికి కారణాలు పదమూడు. దీవివాసుల ప్రాచీన లిపి, దాని వ్యాకరణంతో సహా. అనిమే వారి పొరపాట్లు నలభై ఒకటిలో ముప్పై తొమ్మిది. మిగిలిన రెండూ నిజంగా వారి పొరపాట్లే, వాటిని వదులుకోను.

పత్రిక సంపాదకుడి వద్దకు వెళ్ళాను. ఆయన మంచివాడు. పుస్తకం అలాగే వెళ్ళనిమ్మన్నాడు. మనవాళ్ళందరి దగ్గర ఉన్నదీ పాత ముద్రణే, ఎవరికి తెలుస్తుంది అన్నాడు. ఒక దర్జీకి తెలిసింది అన్నాను. అరవై పేజీలు తీయించాను. వాటి స్థానంలో ఒక్క పేజీ రాసి ఇచ్చాను. 'కళ్ళజోడు' గారి ఆరు ప్రశ్నలను ఒకదాని కింద ఒకటి వేసి, ఆరింటికీ ఒకటే జవాబు ఇచ్చాను: అవును, క్షమించండి.

నేను భయపడుతున్నది సభ గురించి. వారిలో సగం మంది నా సిద్ధాంతం చదివి సంఘంలో చేరినవారు. వారికి నేనిచ్చినది అదే. దానిని నా నోటితో వెనక్కి తీసుకోవాలి. పద్నాలుగు అంశాలతో ఒక ప్రకటన తయారు చేసుకున్నాను. అయినా వెళ్తాను.

నాన్న గురించి నీవు రాసిన పేరా అద్దంలో చూడవలసిన అవసరం రాలేదు.

కాజాలు ఎడమ వైపు తీయి.

తమ్ముడు

—

జూన్ 18

తమ్ముడూ,

పార్సిల్‌లో కోటు పంపుతున్నాను. గుండీలు నాన్న డబ్బాలోవి, కొమ్ముతో చేసినవి. సరిగ్గా ఎనిమిదే మిగిలాయి, సరిగ్గా ఎనిమిదే కావాల్సొచ్చాయి. ఛాతీ ఒక అంగుళం వదులు పెట్టాను, వేదికెక్కితే ఊపిరాడాలి కదా.

బావ ఇరవై నాలుగు పూర్తిచేసి, తర్వాతిది లేక మా కొట్టుకొచ్చిన వాళ్ళందరికీ కథ చెబుతున్నాడు. రవిక కొలతిద్దామని వచ్చిన ఆవిడ మహాపోటు దాకా విని గాని కదల్లేదు.

పైజేబులో ఒక చీటీ పెట్టాను. ఇప్పుడు తియ్యకు. వేదిక మీద తియ్యి.

అక్క

—

జూలై 1

అక్కకు,

నమస్కారాలు. సభా విశేషాలు వరుసగా రాయాలని మూడుసార్లు మొదలుపెట్టాను. వరుస కుదరడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

హాలు నిండిపోయింది. చాలామంది ఆ బనియన్లే తొడుక్కుని వచ్చారు. ముందు వరుస మొత్తం 'మేమంతా పోయినవాళ్ళమే' అని నా వైపు చూస్తూ కూర్చుంది. కోటు చూడగానే గుసగుసలు బయలుదేరాయి. గుండీలు తప్పు వైపు ఉన్నాయని ఎవరో నలుగురికీ వినబడేటట్టే అన్నారు. పద్నాలుగు అంశాల కాగితం విప్పాను. మొదటి అంశం ముద్రణా చరిత్ర. కాగితం మడిచేశాను.

"అందరూ బతికే ఉన్నారు" అన్నాను.

తరువాత అద్దం గురించి, తిప్పిన అచ్చు గురించి, అట్టకు అంటించిన పేజీ గురించి చెప్పాను. తప్పు నాదేనని, పదిహేడేళ్లు అందరికీ అదే చెప్పానని ఒప్పుకున్నాను. ఒకాయన లేచి, చేతిలోని పుస్తకం కుర్చీ మీద పెట్టి, బయటికి వెళ్ళిపోయాడు. బనియన్లు అచ్చు వేయించేది ఆయనేనని సంపాదకుడు నా చెవిలో చెప్పాడు. ఇంకా ఎంతమంది లేస్తారోనని లెక్కించడానికి సిద్ధంగా ఉన్నాను.

అప్పుడు వెనుక వరుసలో నుంచి ఒకామె లేచింది. "ఉప్పు కొలిచే ముసలమ్మ కూడానా?"

ఆ ముసలమ్మ అంటే అందరికీ ప్రాణం. తొమ్మిదో సంపుటం నుంచి కొడుకు కోసం రేవులో ఎదురుచూస్తుంటుంది. తాను పోయానని తెలియక ఎదురుచూస్తున్నదని నేను రాసిన జవాబు చదివి ఎందరో ఏడ్చామని ఉత్తరాలు రాశారు.

"ఆమె కూడా. బతికే ఉంది. కొడుకు వస్తాడు" అన్నాను.

"వంటవాడు?" అని ఇంకొకరు.

"బతికే ఉన్నాడు."

"కవల పిల్లలు?"

"ఇద్దరూ."

"కుంటి గుర్రం?"

"గుర్రం కూడా."

అంతే, ఇక ఆగలేదు. ఎవరికి ఎవరంటే ఇష్టమో వారి గురించి అడగడం మొదలుపెట్టారు. నలభై నిమిషాలు ఒకటే జవాబు చెబుతూ నిలబడ్డాను. ప్రతి జవాబుకూ చప్పట్లు. రెండో సంపుటంలో ఒక్క బొమ్మలో మాత్రమే కనబడే పిల్లి గురించి కూడా అడిగారు. ముందు వరుసలో ఒక పెద్దాయన పక్కకు వెళ్ళి, బనియను తిరగేసి తొడుక్కుని, అక్షరాలు లోపలికి పోయాయో లేదో పక్కవారిని అడిగి చూసుకుని మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. చివరికి ఒక సన్నటి వృద్ధురాలు కళ్ళజోడు సర్దుకుంటూ లేచింది. ఎవరో నాకు చెప్పనవసరం లేకపోయింది.

"సరంగు కుడిచేతివాటమే కదా" అన్నది.

"కుడిచేతివాటమేనండీ."

"సరే" అని కూర్చున్నది. ఆరేళ్ళు నిలబడ్డ మనిషి కూర్చున్నట్టు కూర్చున్నది.

అప్పుడు నీ చీటీ గుర్తుకు వచ్చింది. తీసి అందరికీ చదివి వినిపించాను. "అడుగుతున్నది: దర్జీ. ఇంత మంచి కోటు సరంగుకి కుట్టిందెవరు? ఎక్కడా కనబడడేం?"

జవాబు కోసం అలవాటుగా నోరు తెరిచాను. మనసులో ఎనభై ఆరు సంపుటాలూ తిరగేశాను. ఎక్కడా లేడు. ఒక్క బొమ్మలోనూ లేడు. దీవి నిండా అతని కుట్టు ఉంది, అతను లేడు.

తెలియదు అన్నాను. పదిహేడేళ్లలో ఆ మాట ఆ సంఘంలో అనడం అదే మొదలు. అన్నిటికన్నా పెద్ద చప్పట్లు దానికే పడ్డాయి. మెచ్చుకున్నారో, ఇన్నాళ్ళకు దొరికానని ఆనందించారో చెప్పలేను.

పుస్తకం రెండో కూర్పులో ప్రాచీన లిపి గురించిన 212వ ప్రశ్న తొలగించి, దాని స్థానంలో నీ ప్రశ్న వేస్తున్నాను. జవాబు అదే ఉంచుతున్నాను. బావగారికి ఇరవై ఐదు నుంచి ముప్పై వరకు వేరే పార్సిల్‌లో పంపాను. అవి కుడి వైపు నుంచి తెరవాలని చెప్పు. లేకపోతే రివర్సులో నడుపుతారు.

మేకుల రిజిస్టరులో నిన్న నూట పంతొమ్మిదో బొమ్మ చేర్చాను. కొత్త సంపుటం, నలభై నాలుగో పేజీ. ఈసారి వచ్చినప్పుడు నీకు చూపిస్తాను.

కోటు తీయబుద్ధి కాక, ఈ ఉత్తరం కూడా అందులోనే కూర్చుని రాశాను. పెన్ను ఎడమ జేబులో పెట్టుకుని కుడి చేత్తో తీశాను. మోచెయ్యి ఎక్కడా తగల్లేదు.

తమ్ముడు